రాయి, రాశి, రోగం: తెలుగు నేల మీద దేవుడి గుర్తులు

పసుపు రాసి కుంకుమ బొట్టు పెడితే తెలుగు ఇంట్లో ఏ వస్తువైనా కాసేపు దేవుడవుతుంది. గడప, రోలు, నాగలి, కుండ, కాటా, కుట్టుమిషను, కొత్త బండి, ఊరి నడుమ పాతిన రాయి. వీటిలో చాలావాటికి కన్నూ ముక్కూ లేవు, పైన కప్పు లేదు, మంత్రం చదివే పూజారి లేడు. అయినా మొక్కడానికి అవేవీ అడ్డు రావు. రోజూ చేతిలో ఆడే పనిముట్టులో, రోజూ దాటే గడపలో, చివరికి ఒంటికి వచ్చిన జ్వరంలో సైతం దైవం ఉనికిని గుర్తుపట్టే ఈ అలవాటు తెలుగు నేల మీద చాలా పాతది. గుడుల చరిత్రకు రాజుల శాసనాలు ఉన్నాయి. ఈ అలవాటు చరిత్ర మాత్రం ఒకచోట లేదు. శిల్పాల్లో కొంత, కావ్యాల్లో కొంత, తెల్లదొరల పుస్తకాల్లో కొంత దొరుకుతుంది. ఎక్కువ భాగం చేసేవాళ్ళ చేతుల్లోనూ పాడేవాళ్ళ గొంతుల్లోనూ ఉంది.

దొరికే ఆనవాళ్ళలో బాగా పాతవి కృష్ణ ఒడ్డున అమరావతిలో ఉన్నాయి. అక్కడి మహాచైత్యం మీద తొలి దశలో చెక్కిన ఫలకాల్లో బుద్ధుడి రూపం కనిపించదు. ఆయన కూర్చోవలసిన చోట ఖాళీ ఆసనం ఉంటుంది. నిలబడవలసిన చోట రెండు పాదాల జాడలు, వాటిలో చక్రాలు. కొన్నిటిలో బోధివృక్షం, కొన్నిటిలో మంటలు ఎగసే స్తంభం. చుట్టూ ఆడామగా చేతులు జోడించి వంగి ఉంటారు. క్రీ.శ. 2, 3 శతాబ్దాల నాటికి అదే చైత్యం మీదకు బుద్ధుడి మనిషి రూపం కూడా వచ్చింది. గుర్తులు మాత్రం పోలేదు. రెండూ పక్కపక్కన సాగాయి. రూపం చెక్కకూడదన్న నియమం వల్ల అలా చేశారా, లేక పుణ్యస్థలాల్లో చెట్టుకూ ఆసనానికీ జరిగే పూజనే శిల్పులు చూపారా అన్న వాదం పండితుల మధ్య ఇంకా ఉంది. ఏ పక్షం నెగ్గినా, ఆ ఫలకాల్లోని భక్తులు ఖాళీ ఆసనాన్ని ఖాళీగా చూడలేదన్నది కంటికి కనిపిస్తున్న సంగతి. అమరావతి ఫలకానికీ నేటి పల్లెలో పసుపు పూసిన రాయికీ మధ్య తెగని గొలుసు ఉందని రుజువు చేయడం కష్టం. చూసే తీరు మాత్రం ఒక్కటే.

రాతిని నిలబెట్టి కొలవడానికి అంతే పాత సాక్ష్యం తిరుపతి జిల్లా గుడిమల్లంలో ఉంది. సుమారు అయిదడుగుల ఎత్తున్న ఆ శివలింగం క్రీ.పూ. 2వ లేదా 1వ శతాబ్దానిదని చాలామంది చరిత్రకారుల అంచనా. ఇప్పుడు చుట్టూ కనిపించే గుడి ఎంతో తర్వాత కట్టినది. మొదట్లో లింగం చుట్టూ రాతి కంచె ఉండేదని తవ్వకాల్లో తేలింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, చనిపోయినవాళ్ళ పేర ఛాయాస్తంభాలు నిలిపారు. తర్వాతి కాలంలో ఊరి కోసం, పశువుల మంద కోసం పోరాడి పడినవాళ్ళకు వీరగల్లులు వెలిశాయి. రాయలసీమలో చాలా వీరగల్లులకు ఇప్పటికీ దీపం పెట్టేవాళ్ళున్నారు. వీరుడి పేరు మరిచిపోయినా మొక్కు ఆగలేదు.

ఈ వరసలో పల్నాడు ప్రత్యేకంగా చెప్పుకోదగింది. 12వ శతాబ్దం చివర జరిగిందని చెప్పే పల్నాటి యుద్ధంలో పడిన వీరులకు కారెంపూడిలో నాగులేటి ఒడ్డున గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యతో మొదలై అయిదు రోజులు సాగే ఉత్సవానికి వీరాచారవంతులు తమ తమ ఊళ్ళ నుంచి ఆయుధాలు తెస్తారు. ఆ ఆయుధాలే వీరులు. వాటికి స్నానం, వాటికి పూజ, వాటికే ఊరేగింపు. పట్టుకున్నవాడి ఒంట్లోకి వీరుడు వస్తాడని నమ్మకం. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడడం ‘క్రీడాభిరామం’లో వర్ణించి ఉంది కాబట్టి, యుద్ధం జరిగిన రెండు మూడు శతాబ్దాలకే ఆ వీరులు దేవుళ్ళ వరసలో చేరారని చెప్పవచ్చు. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న ఆ కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. ఏకవీరాదేవి, కాకతమ్మ, మైలారదేవుడి ముందు ఒళ్ళు హూనం చేసుకునే భక్తులు, అన్నీ ఆ నడకలోనే ఎదురవుతాయి. దేవుళ్ళను చూడడానికని వాళ్ళు బయలుదేరలేదు. ఊరు తిరుగుతుంటే దేవుళ్ళు తగిలారు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఈ కావ్యాన్ని అంతగా ఆధారం చేసుకోవడానికి కారణం అదే. జనం నిజంగా ఎలా బతికారో చెప్పే పుస్తకాలు మనకు అంత తక్కువ.

కావ్యాల్లో ఈ చూపుకు పెద్దపీట వేసిన కవి పాల్కురికి సోమనాథుడు. కాకతీయుల కాలంలో ఆయన ద్విపదలో చెప్పిన బసవపురాణం నిండా చాకళ్ళు, వేటగాళ్ళు, పనివాళ్ళు, ఇంటి ఆడవాళ్ళు కనిపిస్తారు. గొడగూచి అనే చిన్నపిల్లకు తండ్రి ఊరికి వెళ్తూ శివుడికి రోజూ పాలు ఇమ్మని చెబుతాడు. పిల్ల ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంది. గిన్నె పట్టుకొని తాగమంటుంది, బతిమాలుతుంది, తాగకపోతే ఏడుస్తుంది. చివరికి శివుడు తాగక తప్పలేదు. బెజ్జమహాదేవికి వేరే దిగులు. శివుడికి తల్లి లేదే అని జాలిపడి తానే తల్లయి నీళ్ళు పోసి, కాటుక పెట్టి, పాలు పట్టి పెంచుతుంది. సోమనాథుడు వీళ్ళను ముగ్ధభక్తులు అన్నాడు, శాస్త్రం తెలిసినవాళ్ళకంటే మిన్నగా నిలిపాడు. వీరశైవులు ఇష్టలింగాన్ని గుడిలో పెట్టలేదు, లింగకాయలో ఉంచి మెడలో వేసుకున్నారు. తింటున్నా, పనిచేస్తున్నా, పడుకున్నా దేవుడు ఒంటి మీదే ఉన్నాడు. 15వ శతాబ్దంలో తాళ్ళపాక అన్నమయ్య వేరే దారిలో ఇదే పని చేశాడు. దంచేటప్పటి సువ్విపాట, పిల్లను ఊపే లాలి, గొబ్బిపాట, కోలాటపు పాట, ఇలా ఆడవాళ్ళ పనిపాటల వరసలు తీసుకొని వాటిలో వేంకటేశ్వరుణ్ణి కూర్చోబెట్టాడు. ఈ ఇద్దరూ జనానికి కొత్త చూపు నేర్పారనడం కన్నా, జనానికి ఉన్న చూపును గుర్తించి దానికి మర్యాద తెచ్చారనడం న్యాయం.

పల్లెలో ఆ చూపుకు నడిబొడ్డు బొడ్రాయి. ఆంధ్ర ప్రాంతంలో బొడ్డురాయి అంటారు. ఊరు కట్టేటప్పుడు నడుమ పాతే రాయి ఇది. ఊరి ప్రాణం అక్కడ ఉందని నమ్మకం. పండక్కి పసుపు కుంకుమలు, కొబ్బరికాయ ఇక్కడికీ వస్తాయి. వానలు పడకపోతే ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి బొడ్రాయి మీద కుమ్మరిస్తారు. అదే కరువు రోజుల్లో పిల్లలు కప్పను వేపమండల మధ్య రోకలికి కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి గడపలో ఇల్లాలు దాని మీద చెంబెడు నీళ్ళు పోస్తుంది. కప్పతల్లి ఆట అని దానికి పేరు. వాన ముందు కప్ప అరుస్తుందన్నది అందరూ చూసిన సంగతే. చూసిన సంగతికే దైవాన్ని కలిపారు.

రాయి పాతబడినా, ఒరిగినా, ఊరికి కీడు తగిలిందని తోచినా బొడ్రాయిని మళ్ళీ ప్రతిష్ఠిస్తారు. తెలంగాణలో ఇది ఊరంతటి పండుగ. పెళ్ళయి బయటి ఊళ్ళకు వెళ్ళిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు, ఒడిబియ్యం పోస్తారు. ప్రతిష్ఠ వేళ ఊరి దారులు మూసేస్తారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు పొలిమేర దాటకూడదు. బలి రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర పొడవునా చల్లుతూ పోతారు. పొలి చల్లడం అంటారు దీన్ని. అన్నం పడిన గీతే ఆ ఊరి హద్దు. సర్వే రాళ్ళూ పటాలూ రాకముందు ఊరి సరిహద్దును మళ్ళీ మళ్ళీ గుర్తుచేసి, తగువులు రాకుండా కాచిన పద్ధతుల్లో ఇదొకటి. దేవుడి గుర్తు, పాలన గుర్తు ఇక్కడ ఒక్కటే.

బొడ్రాయికి తోడు గ్రామదేవతలు, వాళ్ళ తమ్ముడు పోతురాజు. పోలేరమ్మ, అంకమ్మ, ముత్యాలమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, గంగమ్మ. పేర్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. అక్కచెల్లెళ్ళన్న మాట మాత్రం అంతటా ఉంది. గుడి ముందు పాతిన రాయో, కొయ్య గుంజో పోతురాజు. 20వ శతాబ్దం తొలినాళ్ళలో ఈ ఆచారాలను దగ్గర నుంచి చూసి రాసినవాళ్ళలో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఒకరు. దక్షిణ భారత గ్రామదేవతల మీద ఆయన పుస్తకం 1916లో వచ్చింది. అంతకు ఏడాది ముందు విల్బర్ ఎల్మోర్ అనే బాప్టిస్టు మిషనరీ తెలుగు పల్లెల దేవతల మీద తన పరిశోధన ప్రచురించాడు. తెలుగు ఊళ్ళలో చాలాచోట్ల అమ్మవారికి శాశ్వత విగ్రహం లేదని, జాతర వచ్చినప్పుడు కుమ్మరి మట్టితో బొమ్మ చేస్తాడని, జాతర ముగిశాక దాన్ని ఊరి పొలిమేరలో వదిలేస్తారని వైట్‌హెడ్ రాశాడు. కుమ్మరో చాకలో పూజారిగా ఉండడం కూడా ఆయన గమనించాడు. వివరాల విషయంలో ఈ మిషనరీలు శ్రద్ధగలవాళ్ళు. ఇదంతా భయం వల్ల పుట్టిన మతం అన్న వాళ్ళ తీర్పు మాత్రం సగమే నిజం. భయం ఉంది. అమ్మవారిని ఆడబిడ్డలా పిలవడం, చీర పెట్టడం, మొక్కు తీరకపోతే ముఖం మీదే నిలదీయడం, జాతరలో ఆమె ఎదుటే బూతు పాటలు పాడడం కూడా ఉన్నాయి. భయపడే చోట ఇంత చనువు ఉండదు.

దైవం ఉనికిని గుర్తుపట్టడంలో అన్నిటికన్నా కఠినమైనది రోగం. మశూచి వస్తే తెలుగువాళ్ళు జబ్బు చేసిందనలేదు. అమ్మవారు పోసింది అన్నారు. మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. ఒంటి మీద లేచిన పొక్కులు ముత్యాలు. రోగి ఉన్న ఇల్లు ఆ కొద్ది రోజులూ గుడి అయ్యేది. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. రోగిని వేపాకుల మీద పడుకోబెట్టేవారు; దురద పెడితే గోళ్ళతో గోకనీయకుండా వేపరెమ్మతో నిమిరేవారు. ఇంట్లో పోపు వేయరు, నూనె కాచరు, ఇంటిల్లిపాదీ తల దువ్వుకోరు. పరాయివాళ్ళు గడప తొక్కరు. అమ్మవారికి వేడి పనికిరాదని చలిది, పెరుగన్నం, అంబలి నైవేద్యం. పొక్కులు మాడాక వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు పోసి అమ్మను సాగనంపేవారు. రోగిని కసరడం, విసుక్కోవడం తప్పు. ఆ మనిషిలో అమ్మవారు ఉంది గనుక.

ఈ కట్టుబాట్లలో కొన్ని రోగిని మిగతావాళ్ళ నుంచి వేరుపెట్టాయి, శుభ్రంగా ఉంచాయి, చల్లని తిండి ఇప్పించాయి. అంతమాత్రాన ఇవన్నీ మారువేషంలో ఉన్న వైద్యశాస్త్రమని చెప్పడం సరికాదు. మశూచి సోకినవాళ్ళలో చాలామంది చనిపోయారు, బతికినవాళ్ళలో కొందరికి చూపు పోయింది, వేపాకు దాన్ని ఆపలేదు. ఆచారం చేసింది మరొక పని. తప్పించుకోలేని బాధకు ఒక ముఖం ఇచ్చింది, రోగిని పారేయకుండా కాపాడుకోవడానికి కారణం ఇచ్చింది, దుఃఖానికి ఒక క్రమం ఇచ్చింది. భారతదేశంలో తొలి టీకా 1802 జూన్‌లో బొంబాయిలో ఒక చిన్నపాపకు వేశారు. ఆ తర్వాత మద్రాసు రాజధానికీ టీకా చేరింది. ఊరూరా అది వేళ్ళూనడానికి శతాబ్దం పైనే పట్టింది. దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో నమోదైంది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి భూమ్మీద లేదని ప్రకటించింది. జబ్బు పోయింది, పోలేరమ్మ పోలేదు. ఆటలమ్మ పోస్తే నేటికీ గుమ్మానికి వేపమండ కట్టే ఇళ్ళున్నాయి, డాక్టరు మందు వాడుతూనే.

హైదరాబాదు బోనాల వెనక ఉన్న కథ కూడా రోగం కథే. 1813లో జంట నగరాల్లో మహమ్మారి చెలరేగిందని, అప్పుడు ఉజ్జయినిలో ఉన్న పటాలంలో పల్లకీ బోయీగా పనిచేసే సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగి వచ్చి 1815లో సికింద్రాబాదులో అమ్మవారిని నిలిపాడని చెబుతారు. గోల్కొండ కోటలో ఆషాఢ బోనాలతో మొదలై సికింద్రాబాదు, లాల్‌దర్వాజా దాకా పండుగ సాగుతుంది. బోనం అంటే ఇంట్లో వండిన అన్నం. కొత్త కుండకు పసుపు, సున్నం బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి ఇల్లాలు నెత్తిన పెట్టుకొని నడుస్తుంది. వంటగదిలోని అన్నమే, కుమ్మరి చేసిన కుండే ఆ రోజు అమ్మవారి సన్నిధి. మర్నాడు రంగం అనే భవిష్యవాణిలో ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి ఆ ఏడు వానలెలా ఉంటాయో, ఊరికి ఏం జరగనుందో చెబుతుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలనూ బతుకమ్మనూ రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది. బతుకమ్మ సంగతి మరీ విశేషం. తంగేడు, గునుగు, బంతి పూలను పేర్చిన ఆ పూలగోపురమే దేవత. లోపల వేరే విగ్రహం ఏదీ ఉండదు.

పొలంలో గుర్తులు ఇంకా నిశ్శబ్దంగా ఉంటాయి. జ్యేష్ఠ పున్నమినాడు ఏరువాక; ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, నాగలికి పసుపు రాసి తొలి చాలు దున్నుతారు. పంట కళ్ళానికి వచ్చి తూర్పారబట్టాక ధాన్యపు రాశి మీద చాలాచోట్ల పేడముద్ద వినాయకుణ్ణి నిలిపి గరిక గుచ్చేవారు. కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. ‘లాభం’ అంటారు, తర్వాత రెండు, మూడు. రాశి దగ్గర గట్టిగా మాట్లాడరు, చెప్పులతో నడవరు. కొత్త వరికంకులతో కుచ్చులు కట్టి గుడి మండపానికో ఇంటి వసారాకో వేలాడదీస్తారు. పిచ్చుకలు వచ్చి తింటాయి. ధనుర్మాసంలో వాకిట్లో పిండిముగ్గు వేస్తే చీమలకు మేత. దేవుడికి పెట్టింది ప్రాణులు తినడం ఈ ఆచారాల్లో లోపంగా కాక, నైవేద్యం చేరిందనడానికి గుర్తుగా నిలిచింది.

పనిముట్ల పూజకు రాజుల కొలువులోనూ పెద్ద చరిత్ర ఉంది. విజయనగరంలో మహర్నవమి తొమ్మిది రోజులూ జరిగే వేడుకలను 1443లో పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్, 1520 ప్రాంతంలో పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయిస్ చూసి రాశారు. కృష్ణదేవరాయల కొలువులో గుర్రాలకూ ఏనుగులకూ జరిగిన పూజను పాయిస్ వివరంగా వర్ణించాడు. రాజ్యం పోయాక హంపీలో మహర్నవమి దిబ్బ మిగిలింది, పూజ మాత్రం ప్రతి దుకాణానికీ చేరింది. కమ్మరి కొలిమి, సాలె మగ్గం, వడ్రంగి బాడిస, కుమ్మరి సారె, అచ్చుయంత్రం, లేతు మిషను, ఆటో, లారీ, ఆర్టీసీ బస్సు, పోలీసు తుపాకీ, దసరానాడు అన్నిటికీ ఒకటే పసుపు. ఆ రోజు పనిముట్టు పనిచేయదు. ఏడాదంతా మనిషికి అన్నం పెట్టిన వస్తువు ఒక్కరోజు విశ్రాంతి తీసుకుంటుంది, దానితో బతికేవాడు దాని ముందు కూర్చుంటాడు. సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరికి వెళ్ళడం, తెలంగాణలో ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టడం పాండవుల ఆయుధాల కథతో ముడిపడినవి.

ఈ ఆచారాలన్నిటికీ అడుగున ఒకే పద్ధతి కనిపిస్తుంది: దేవుణ్ణి పిలవడం, ఉంచుకోవడం, పంపేయడం. ఏ వ్రతమైనా పసుపు ముద్దను తమలపాకు మీద పెట్టి గణపతిగా పిలవడంతో మొదలవుతుంది. పూజ ముగిశాక ఉద్వాసన చెప్పి ఆ ముద్దను కదుపుతారు. వరలక్ష్మీ వ్రతంలో చెంబు, కొబ్బరికాయ లక్ష్మి అయి మర్నాడు మళ్ళీ చెంబు, కొబ్బరికాయ అవుతాయి. పెళ్ళిలో కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెచ్చే అరివేణి కుండలు పెళ్ళి జరిగినన్నాళ్ళూ దేవతలు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చివరిరోజు గుడి ముందు అమ్మవారి విశ్వరూపాన్ని మట్టితో పెద్దగా మలుస్తారు. తెల్లవారే వేళ దాన్ని పగలగొడితే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంటారు. వస్తువే శాశ్వతంగా దేవుడని ఈ ఆచారం ఎక్కడా చెప్పలేదు. వస్తువులో దేవుడు కొంతసేపు కనిపిస్తాడని చెప్పింది. రాళ్ళకూ రప్పలకూ మొక్కుతారన్న ఎత్తిపొడుపు ఈ తేడాను పట్టించుకోకుండా చేసినదే.

ఎత్తిపొడుపు బయటివాళ్ళ నుంచే రాలేదు. రాతిలో దేవుణ్ణి వెతకడాన్ని వేమన సూటిగా నిలదీశాడు. ఆయన పద్యాలను సేకరించి సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించాడు. వేమన పద్యాలు బడిలో నేర్చుకున్న పల్లెలే బొడ్రాయికి కొబ్బరికాయ కొట్టాయి. రెండింటినీ జనం తమవే అనుకున్నారు. వేమన మాట ఆచారాన్ని ఆపలేదు, లోపలి శుద్ధి లేని పూజ దండగ అన్న జ్ఞాపకాన్ని మాత్రం పక్కనే నిలిపింది.

వేరే మతాలు ఈ నేల మీదకు వచ్చినప్పుడు వాటికీ ఈ చూపు అంటుకుంది. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో హైదరాబాదులో బాద్షాహీ అషూర్‌ఖానా కట్టించాడు. అక్కడ నిలిపే అలంలు కర్బలాలో పడిన హుసేన్ జ్ఞాపకాలు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో అవే పీర్లు. వాటి ముందు అలావా గుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ కలిసి ఆడతారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామికి లక్షల మంది మొక్కుతారు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం వేళ జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని వేర్వేరుగా ఉంటాయి. కోరిక ఉన్నవాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టె తీసుకుంటారు, కోరిక తీరితే మరో ఏడు వచ్చి అదే రకం రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. తెలుగు క్రైస్తవుల కోత పండుగ కూడా ఈ నేలకు తగినదే. కొత్త ధాన్యం, గుమ్మడికాయ, కోడి, గంపెడు కూరగాయలు మందిరంలో బలిపీఠం ముందుకు వస్తాయి. 1912లో డోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య పల్లె క్రైస్తవుల ఆరాధనలో స్థానిక పద్ధతులకు చోటిచ్చాడు. ఆయన డోర్నకల్‌లో కట్టించిన పెద్ద చర్చిలో గుడి, మసీదుల నిర్మాణ రీతులు కలిసి కనిపిస్తాయి.

ఈ కథలో చీకటి కూడా ఉంది, దాచడం తప్పు. అమ్మవారిని ఒంటి మీదకు పిలిచే హక్కు, పొలి చల్లే పని, జాతర పాట పాడే బాధ్యత చాలా ఊళ్ళలో దళితులవి, వృత్తికులాలవి. జాతర నాడు వాళ్ళు లేకపోతే పండుగ కదలదు. మర్నాడు వాళ్ళకే ఊరి బావి దగ్గర చోటుండేది కాదు. మాతంగి పేరుతో, జోగిని పేరుతో కొందరు ఆడపిల్లల బతుకు దేవుడికి అంకితమన్న మాట కింద నలిగిపోయింది. జోగిని వ్యవస్థను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేసింది. రాతిలో దైవాన్ని గుర్తుపట్టిన ఊరు, పక్కనున్న మనిషిలో గుర్తుపట్టడానికి నిరాకరించిన సందర్భాలు ఎన్నో.

రోలూ తిరగలీ మూలపడ్డాయి, కళ్ళాల బదులు హార్వెస్టర్లు వచ్చాయి, కుంచం ఎలాగుంటుందో పిల్లలకు తెలియదు. బండికీ కంప్యూటరుకూ పసుపు రాస్తూనే ఉన్నారు. కొన్నేళ్ళుగా తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి ప్రతిష్ఠలు జోరుగా సాగుతున్నాయి. కరిగిపోతున్నది వేరే ఉంది. తెలంగాణలో జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్ళు, కోస్తాలో పంబ మీద అంకమ్మ కథలు పాడే పంబలవాళ్ళు, చిత్తూరు వైపు గంగమ్మ జాతరలో పాడే ఆసాదులు ఏటేటా తగ్గుతున్నారు. రాత్రంతా సాగే కథలు గంటకు కుదించుకుపోయాయి. 1950లలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద చేసిన పరిశోధన ఈ రంగానికి దారి వేసింది. ఆ దారిలో నడిచినవాళ్ళు కొద్దిమందే. పాట తెలిసిన పెద్దలు ఉండగానే విశ్వవిద్యాలయాలు, సాంస్కృతిక శాఖలు, ఊరి చదువుకున్న పిల్లలు ఆ కథలను పూర్తి నిడివిలో, పాడినవాళ్ళ పేర్లతో, వాళ్ళకు తగిన పారితోషికం ఇచ్చి రికార్డు చేయాలి. తెలుగు నేల మీది దేవుడి గుర్తులకు శాసనాలు అవే.